ఇంటి కుక్కకు, పిల్లికి జ్వరం వస్తే



పాల సంఘాల పత్రికలో కుక్కకు, పిల్లికి పాఠమేమిటని మీలో కొందరు అనుకోవచ్చు. ఉదయం ఐదున్నర గంటలకు మన డెల్టాలోని ఏ పాల సేకరణ కేంద్రానికైనా వెళ్ళి చూడండి. క్యాన్లు కడిగిన చోట ఒక పిల్లి కాచుకొని ఉంటుంది. కార్యదర్శి బల్ల క్రింద ఒక కుక్క పడుకొని ఉంటుంది. పాక దగ్గర రాత్రి కాపలా కుక్కది, దాణా బస్తాల దగ్గర ఎలుకలను పట్టే పని పిల్లిది. పేరు సభ్యత్వ రిజిస్టరులో లేదన్న మాటేగాని ఇవి రెండూ మన పాడిలో పనిచేస్తున్నవే. గేదె మేత మానితే గంటలో డాక్టరుగారికి కబురు పెడతాము. కుక్క మూడు రోజులు ముడుచుకొని పడుకున్నా "ఎండకు పడుకుందిలే" అంటాము.

ఈ పాఠం వ్రాయడానికి ఒక కారణం ఉన్నది. కొన్నేళ్ళ క్రితం వేసవిలో కంకిపాడు ప్రాంతంలోని ఒక సంఘంలో వాటాధనం రిజిస్టరు తనిఖీ చేస్తున్నాము. సభ్యురాలొకామె గంపలో పిల్లిని పెట్టుకొని వచ్చింది. "ఇనస్పెక్టరు గారూ, రాత్రి దీని ఒళ్ళు కాలిపోతుంటే మా మనవడికి వేసే జ్వరం బిళ్ళ సగం విరిచి పాలలో కలిపి పోశానండీ. పొద్దుటినుంచి లేవడం లేదు" అన్నది. మా దృష్టి లెక్కల మీద ఉన్నది. "సగం బిళ్ళకు ఏమీ కాదమ్మా, నీడన పడుకోబెట్టు" అన్నాము. మధ్యాహ్నానికి ఆ పిల్లి మూతి ఉబ్బింది, చిగుళ్ళు కాచు రంగుకు తిరిగాయి. సాయంత్రం పాలు పోసే వేళకు చనిపోయింది. సగం బిళ్ళే దాన్ని చంపిందని తరువాత పశువైద్యాధికారి గారు చెప్పగా తెలిసింది. ఉదయమే ఆసుపత్రికి పంపి ఉంటే బ్రతికే అవకాశం ఉండేదని కూడా వారు చెప్పారు.

మా చదువు సహకార డిప్లొమా. పశువైద్యం మేము చదువలేదు. ముప్పై ఏళ్ళుగా సంఘాలు తిరుగుతూ పశువైద్యాధికారుల ప్రక్కన నిలబడి నేర్చుకున్నది, ఈ పాఠం కోసం వారిని మళ్ళీ అడిగి సరిచూసుకున్నది మాత్రమే ఇక్కడ వ్రాస్తున్నాము. దీన్ని చదివి ఎవరూ వైద్యులు కానవసరం లేదు. జ్వరాన్ని గుర్తించడం, డాక్టరుగారు చూసే లోపల చెడు చేయకుండా ఉండడం తెలిస్తే చాలును.

చేతికి అందని లెక్క

మనిషికి ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఒంటి వేడి సుమారు 98.6 డిగ్రీల ఫారన్‌హీటు. కుక్కకు 101 నుండి 102.5 వరకు, పిల్లికి 100.5 నుండి 102.5 వరకు ఉంటుంది. అనగా ఆరోగ్యంగా ఉన్న కుక్క మీద చేయి వేసినా మన చేతికి వెచ్చగానే తగులుతుంది. మన లెక్క ప్రకారం దానికి ఎప్పుడూ జ్వరమే. ఎండలో నిలిచి వచ్చిన కుక్క వీపు కాలుతుంది, లోపల వేడి మామూలుగానే ఉండవచ్చు. జ్వరంతో వణుకుతున్న కుక్క చెవులు చల్లగా కూడా తగలవచ్చు. కాబట్టి చేతిని నమ్మకండి.

ముక్కు తడిగా ఉంటే ఆరోగ్యం, ఎండితే జ్వరం అనే మాట ఊరూరా విన్నాము. నిద్రలేచిన కుక్కకు ముక్కు ఎండే ఉంటుంది. తీవ్రమైన జ్వరంలోనూ ముక్కు తడిగా ఉన్న కుక్కలు ఉంటాయి. ఇదీ కొలత కాదు. కరోనా రోజుల్లో నుదుటి మీద గురిపెట్టి చూసిన తుపాకీ థర్మామీటరు కొన్ని ఇళ్ళలో ఇంకా ఉన్నది. బొచ్చు మీద దాని లెక్క తప్పుతుంది.

జ్వరాన్ని కొలిచి వ్రాయడం పెద్ద చదువని అనుకోనక్కరలేదు. 1868లో వుండర్లిష్ అనే జర్మన్ వైద్యుడు సుమారు పాతిక వేల మంది రోగుల వేడిని కొలిచి ఒక గ్రంథం వ్రాశాడు. జ్వరం అనేది రోగం కాదు, రోగపు గుర్తు అని వైద్యలోకానికి గట్టిగా చెప్పినది ఆయనే. ఆయన రోజుల్లో థర్మామీటరు అడుగు పొడవు ఉండేది, లెక్క తేలడానికి చాలాసేపు పట్టేది. నేడు మందుల దుకాణంలో దొరికే మామూలు డిజిటల్ థర్మామీటరు ఒక నిమిషంలో కూతవేసి చెబుతుంది.

చూసే విధానం మీకు కొత్తది కాదు. గేదెకు చూసినట్లే మలద్వారంలోనే చూడాలి. మొనకు కొబ్బరినూనె రాయాలి. ఇంట్లో కుక్కకు బాగా అలవాటైనవారు తలను తమ రొమ్ముకు ఆనించి పట్టుకొని మాట్లాడుతుండాలి. రెండవవారు తోక మెల్లగా ఎత్తి ఒక అంగుళం లోపలికి పెట్టి, మొన ప్రక్క గోడకు తగిలేలా కొంచెం వంచి పట్టుకోవాలి. మొన పేడలో దిగితే వేడి తక్కువ చూపుతుంది, ఇది మీకు గేదెల దగ్గర అనుభవమే. పిల్లిని తువ్వాలులో చుట్టి తోక వైపు మాత్రమే బయట ఉంచి చూడాలి, అర అంగుళం నుండి అంగుళం చాలు. పిల్లి తిరగబడితే వదిలేయండి. బలవంతం చేస్తే కోపానికే దాని వేడి పెరిగి లెక్క చెడుతుంది, మీ చేయి గీరుకుపోతుంది. పరుగెత్తి వచ్చిన కుక్కకు కూడా అరగంట విశ్రాంతి ఇచ్చిన తరువాతే చూడాలి.

నీడన ప్రశాంతంగా ఉన్నప్పుడు 103 దాటితే జ్వరమని వ్రాసుకోవాలి. 104 దాటితే ఆ రోజే డాక్టరుకు చూపాలి. 106 అయితే ఇక ఒక్క గంట ఆలస్యం కూడదు. ఎక్కువ మంది గమనించనిది మరొకటి ఉన్నది. నీరసించిన కుక్కకో పిల్లికో 99 కంటే తగ్గితే "జ్వరం లేదు" అని సంతోషించకూడదు, అది మరింత ప్రమాదం కావచ్చు. ఒక్క చోట మాత్రం ఇది శుభవార్త. చూలు నిండిన కుక్కకు ఈనడానికి ఇరవై నాలుగు గంటల లోపల వేడి 99 దిగువకు పడుతుంది.

థర్మామీటరు కంటే ముందు కంటికి కనిపించేవి కొన్ని ఉన్నాయి. పాల గిన్నె మ్రోగినా లేవకపోవడం, చీకటి మూలకు చేరడం, వణుకు, కళ్ళలో పుసి, ఎగశ్వాస, మూత్రం రంగు మారడం. పిల్లి తన ఒళ్ళు నాకి శుభ్రం చేసుకోవడం మానేసి బొచ్చు చెదరి కూర్చుంటే అది బాగా లేదని అర్థం. పిల్లి జబ్బును దాచుకుంటుంది, మనకు తెలిసేసరికి రెండు రోజులు గడిచి ఉంటాయి.

మన బిళ్ళలు వాటికి వద్దు

ఇది ఈ పాఠంలో ముఖ్యమైన భాగం. మరేదీ గుర్తులేకున్నా ఇది గుర్తుంచుకోండి. పిల్లికి పారాసిటమాల్ ఇవ్వకూడదు. సగం కూడదు, పావు కూడదు, పిల్లల సిరప్పు చుక్క కూడా కూడదు.

కారణం ఇది. మనం మ్రింగిన పారాసిటమాల్‌ను మన కాలేయం మరొక పదార్థంతో జతచేసి విషం లేకుండా చేసి మూత్రంలో పంపుతుంది. ఆ పని చేసే ఎంజైము పిల్లి కాలేయంలో దాదాపు లేదు. మందు అక్కడే నిలిచి విషంగా మారి రక్తంలోని ఎర్రకణాలను పాడుచేస్తుంది. రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వస్తుంది, రంగు కాచులా మారుతుంది. అందుకే ఆ కంకిపాడు పిల్లి చిగుళ్ళు అలా తిరిగాయి. మూడు కిలోల పిల్లికి 500 మిల్లీగ్రాముల బిళ్ళలో చిన్న ముక్క చాలు ప్రాణం తీయడానికి. పొరపాటున ఇచ్చి ఉంటే, బిళ్ళ కాగితం చేతబట్టుకొని, ఎంత ఇచ్చారో ఎన్నింటికి ఇచ్చారో దాచకుండా చెప్పి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. విరుగుడు మందు ఉన్నది, మొదటి కొద్ది గంటల్లోనే దాని వల్ల ప్రయోజనం.

కుక్కకు మాత్రం ఇవ్వవచ్చా అంటే, కుక్క బరువును బట్టి డాక్టరు వ్రాసిన సందర్భాలు ఉన్నా ఇంట్లో మన ఊహతో ఇవ్వకూడదు. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నిమెసులైడ్ వంటి నొప్పి బిళ్ళలు కుక్క కడుపులో పుండ్లు చేసి రక్తం కక్కిస్తాయి, మూత్రపిండాలను చెడగొడతాయి. డైక్లోఫెనాక్ సంగతి పాడి సభ్యులకు మరొక విధంగా తెలుసు. ఆ సూదిమందు వేసిన పశువు చనిపోతే, కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోయాయి. అందుచేత 2006లో పశువులకు దాని వాడకాన్ని మన దేశంలో నిషేధించారు. ఒక జీవికి మందు అయినది మరొక జీవికి విషమౌతుందనడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ చెప్పలేము.

డాక్టరు చూసే లోపల చేయవలసింది కొంచెమే. గాలి తగిలే నీడన పడుకోబెట్టండి. మంచినీరు దగ్గర పెట్టండి, త్రాగలేకపోతే కొద్ది కొద్దిగా నాకించండి, గొంతులోకి పోయకండి. గొట్టంతోనో సీసాతోనో పోస్తే ఊపిరితిత్తులలోకి పోయి జ్వరం కంటే ముందు అదే చంపుతుంది. మెడ వెనుక చర్మం పైకి లాగి వదిలితే వెంటనే సర్దుకోవాలి, గుడారంలా నిలిచిపోతే ఒంట్లో నీరు తగ్గినట్లు. తినగలిగితే మెత్తని గంజి అన్నం, మసాలా ఉప్పు లేకుండా ఉడికించిన కోడి మాంసం కొంచెం పెట్టవచ్చు. పాలు వద్దు. పాల సంఘం పత్రికలో ఈ మాట వ్రాయడానికి మాకూ చేయి రాలేదు గాని, పెద్ద కుక్కలకూ పిల్లులకూ చాలా వాటికి పాలలోని చక్కెర అరగక విరేచనం అవుతుంది. జ్వరంలో అది నీటిని మరింత లాగేస్తుంది. ఇక పిల్లి, అందులోనూ బలిసిన పిల్లి, రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే దాని కాలేయంలో కొవ్వు చేరి అదొక కొత్త రోగమౌతుంది. కనుక తిండి మానిన పిల్లి విషయంలో ఆగకూడదు.

ఒక కాగితం మీద వేళ, వేడి, తిన్నది, త్రాగినది, మూత్రం రంగు వ్రాయండి. రిజిస్టరు లేనిదే మాకు తోచదని సభ్యులు నవ్వుతారు, నవ్వినా సరే. ఉదయం 102, సాయంత్రం 104.5, మర్నాడు మళ్ళీ 102 అన్న లెక్క చూపితే డాక్టరుకు సగం పని తేలికౌతుంది. ఉదాహరణకు కుక్కపిల్లల డిస్టెంపరు జబ్బులో జ్వరం ఒకసారి వచ్చి తగ్గి, కొన్ని రోజులకు మళ్ళీ వస్తుంది. తగ్గిందని మనం మరచిపోయిన ఆ నాలుగు రోజుల్లోనే రోగం లోపల ముదురుతుంది.

మగపిల్లుల జ్వరాలలో చాలా భాగం రాత్రి కొట్లాటల వల్లనే. ఎదుటి పిల్లి కోర చర్మంలో సూదిలా దిగి, పైన మానిపోయి లోపల చీము పట్టుతుంది. బుగ్గ మీద, తోక మొదట, కాళ్ళ మీద తడిమి చూస్తే మెత్తని వాపు దొరుకుతుంది. చీము తీయించి మందు పడితే జ్వరం దానంతటదే దిగుతుంది.

వడదెబ్బ, పాలజ్వరం

మన డెల్టాలో రోహిణి కార్తె ఎండ ఎలాంటిదో చెప్పనవసరం లేదు. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పడమే దాని చెమట. రేకుల షెడ్డు క్రింద గొలుసుతో కట్టేసి, నీళ్ళ గిన్నె ఎండిపోయిన సంగతి మరచి, ఇంటిల్లిపాది పెండ్లికి పోయిన సందర్భాలు మాకు తెలుసు.

వడదెబ్బకూ జ్వరానికీ థర్మామీటరు ఒకే అంకె చూపవచ్చు, చేయవలసింది మాత్రం వేరు. జ్వరంలో శరీరమే రోగంతో పోరాడడానికి వేడిని పెంచుకుంటుంది, అందుకే వణుకుతుంది, వెచ్చని చోటు వెదుకుతుంది. వడదెబ్బలో శరీరం వేడిని బయటకు పంపలేక ఓడిపోయింది. విపరీతమైన రొప్పు, చిక్కని చొంగ, ఇటుక రంగు నాలుక, తూలడం, పడిపోవడం కనిపిస్తాయి. వేడి 106 దాటి ఉంటుంది. జ్వరం బిళ్ళ ఏదీ దీనికి పనిచేయదు. నీడకు చేర్చి, మామూలు కుళాయి నీరు పొట్ట, గజ్జలు, పాదాల మీద ధారగా పోస్తూ విసరాలి. మంచుగడ్డల నీరు వద్దు, అది చర్మం క్రింది రక్తనాళాలను ముడిచి లోపలి వేడిని బంధిస్తుంది. తడి గోనెపట్టా కప్పి వదిలేయడం మన పాకల్లో అలవాటు, అదీ కూడదు, పట్టా క్రింద ఆవిరి నిలిచి ఉడుకుతుంది. వేడి 103.5కు దిగగానే నీళ్ళు ఆపాలి, లేకపోతే మరీ పడిపోతుంది. లేచి నడిచినా సరే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. మూత్రపిండాల దెబ్బ మర్నాడు బయటపడుతుంది. దీనికి భిన్నంగా వణుకుతున్న జ్వరపు కుక్క మీద బిందెలతో నీళ్ళు గుమ్మరించకూడదు.

పాడివారికి ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటి చెబుతాము. ఈనిన గేదెకు వచ్చే పాలజ్వరం మీకు తెలిసినదే. పేరులో జ్వరం ఉన్నా ఒళ్ళు చల్లబడుతుంది, థర్మామీటరు మామూలు కంటే తక్కువ చూపుతుంది, కాల్షియం ఎక్కిస్తే లేచి నిలబడుతుంది. పిల్లలకు పాలిచ్చే కుక్కకు కూడా రక్తంలో కాల్షియం పడిపోయి ఇటువంటి జబ్బే వస్తుంది. ముఖ్యంగా చిన్న జాతి కుక్క ఐదారు పిల్లలను పెట్టినప్పుడు రెండు మూడు వారాలలో కనిపిస్తుంది. కాని దీని కథ తలక్రిందులు. కండరాలు బిగిసి, వణికి, కొట్టుకొని, ఆ శ్రమకే వేడి 105, 106 దాటుతుంది. పేరుకు తగ్గట్లు నిజంగానే జ్వరం. పిల్లలను వెంటనే వేరుచేసి, ఆలస్యం లేకుండా డాక్టరుకు చూపితే కాల్షియం సూదితో గేదె లేచినట్లే లేస్తుంది. గేదెకు తెచ్చిన కాల్షియం సీసా ఇంట్లో ఉన్నది కదా అని మీరే ఎక్కించవద్దు. వేగం కొంచెం హెచ్చితే గుండె ఆగుతుంది.

గోమార్లు

వర్షాలు పడ్డ తరువాత చెవులలో, కాలివేళ్ళ సందులలో గోమార్లు గుత్తులుగా పట్టిన కుక్కకు జ్వరం వచ్చిందంటే ముందుగా గోమారి జ్వరాన్ని అనుమానించాలి. తిండి మానడం, చిగుళ్ళు తెల్లబడడం, పొట్ట చర్మం మీద ఎర్రని చుక్కలు, ముక్కు నుండి రక్తం దీని గుర్తులు. గోధుమరంగు కుక్క గోమారి ఎర్లీకియా అనే సూక్ష్మజీవిని మోస్తుంది. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైన్యం కుక్కలు ఈ జబ్బుతో ముక్కు నుండి రక్తం కారి వందకు పైగా చనిపోయాయి. అంతవరకు దీన్ని పెద్ద జబ్బుగా ఎవరూ లెక్కపెట్టలేదు. నేడు రక్తపరీక్షతో తెలుసుకొని సరియైన మందు వారాల తరబడి ఇస్తే చాలా కుక్కలు కోలుకుంటాయి. నాలుగు రోజులకే చురుకుగా తిరుగుతున్నదని మందు మానేసేవారి వల్లనే చిక్కు.

సంకరజాతి ఆవులకు గోమార్ల ద్వారా వచ్చే జ్వరాలు వేరు, క్రిములు వేరు, గోమారి జాతులు కూడా వేరు. ఆవుకు వాడగా మిగిలిన మందు కుక్కకు పనికి వస్తుందనుకోవద్దు. ఇంకొక హెచ్చరిక. పాకలో పశువుల మీద గోమార్లకు పిచికారి చేసే పైరిత్రాయిడ్ జాతి మందులు, ముఖ్యంగా పెర్మెత్రిన్, పిల్లికి విషం. పిచికారి చేసిన రోజు పిల్లిని పాకలోకి రానీయకండి. తడిసిన కాళ్ళు నాకితే వణుకు, మూర్ఛ వస్తాయి. కుక్క గోమారి ఎక్కువ కాలం కుక్క మీద కాక గోడ పగుళ్ళలో, మంచం కోళ్ళలో గడుపుతుంది. కుక్కకు మందు పట్టించి గోడను వదిలేస్తే పని సగమే అయినట్లు.

కాలువ నీరు, ఎలుక మూత్రం

జూన్, జూలైలలో ప్రకాశం బ్యారేజీ నుండి కాలువలకు నీరు వదలగానే డెల్టా అంతా తడి నేల అవుతుంది. బొరియలు మునిగి ఎలుకలు గట్ల మీదికి, గాదెల వద్దకు చేరతాయి. ఎలుక మూత్రంలో లెప్టోస్పైరా అనే క్రిమి ఉంటుంది. నిలువ నీటిలో, బురదలో రోజులు, వారాలు బ్రతికి, కాలి పగుళ్ళ గుండా, గాయాల గుండా, కంటి పొర గుండా లోపలికి పోతుంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్ళలో ఉన్నది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు పోయింది. అటువంటి నీటిలో ఈదిన, అదే నీరు త్రాగిన కుక్కకు తరువాతి రెండు మూడు వారాలలో జ్వరం వస్తే నిర్లక్ష్యం చేయకూడదు.

లెప్టో జ్వరంలో కుక్క నడవడానికి నొప్పిపడుతుంది, వాంతి చేసుకుంటుంది, తరువాత కళ్ళు, చిగుళ్ళు పసుపుపచ్చగా మారతాయి, మూత్రం టీ డికాషన్ రంగుకు తిరుగుతుంది లేదా ఆగిపోతుంది. పచ్చకామెర్లని ఆకుపసరు పోస్తూ కూర్చుంటే మూత్రపిండాలు చెడిపోతాయి. కోలుకున్న కుక్క మూత్రంలో కూడా క్రిమి వారాలు, నెలలు పోతుండవచ్చు.

ఈ జబ్బు మన పాల సంఘానికి నేరుగా సంబంధించినది. ఇదే జాతి క్రిములు గేదెలకు, ఆవులకు సోకినప్పుడు చూలు ఈడ్చుకుంటాయి. నాలుగు చన్నులలోనూ ఒకేసారి పాలు పడిపోతాయి. పొదుగు వాచకుండా మెత్తగానే ఉండి, పాలు పసుపుగా, చిక్కగా లేక రక్తపు జీరతో వస్తాయి. పొదుగువాపు అనుకొని చన్నులలో ట్యూబులు ఎక్కిస్తూ ఉంటే గుణం కనిపించదు. నాట్లు వేసే కూలీలకూ, పాక కడిగే ఇల్లాలికీ ఇదే సోకి జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళెరుపు తెస్తుంది. కాబట్టి పాక దగ్గర కుక్కకు పచ్చబడిన జ్వరం కనిపిస్తే అది మీకు ముందస్తు కబురు. దాని మూత్రం పడిన చోటును బ్లీచింగు నీటితో కడగండి, చేతులకు ప్లాస్టిక్ తొడుగు వేసుకోండి, దాణా తొట్టిలోకి, నీళ్ళ తొట్టిలోకి ఎలుక రాకుండా చూడండి. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే కుక్క సంగతి కూడా వైద్యునికి చెప్పండి. కుక్కలకు ఏటేటా వేసే టీకాలలో దీనికి కూడా ఉన్నది.

నోట్లో చేయి పెట్టవద్దు

కొన్నిసార్లు కుక్క క్రింది దవడ జారి, చొంగ కారుతూ, మ్రింగలేక దగ్గుతూ ఉంటుంది. "గొంతులో ఎముక అడ్డం పడింది" అని ఇంటివారు నోట్లో చేయి పెట్టి చూస్తారు. ఇది రేబిస్ కావచ్చు. పిచ్చికుక్క అంటే వెంటబడి కరిచేదే అనుకుంటాము, మూలకు చేరి మూగగా పడుకునే రకం కూడా ఉన్నది. నీళ్ళు త్రాగింది కదా, పిచ్చి కాదు అనేది మరొక ప్రమాదకరమైన నమ్మకం. నీటి భయం మనుష్యులలో కనిపించే లక్షణం, రేబిస్ కుక్క నీటిలో మూతి పెట్టవచ్చు. ఇటువంటి కుక్కకు, హఠాత్తుగా స్వభావం మారిన పిల్లికి థర్మామీటరు పెట్టే ప్రయత్నమే చేయకూడదు. తలుపు మూసి దూరంగా ఉండి పశువైద్యశాలకు కబురు పెట్టాలి. గేదె కూడా రేబిస్ సోకితే చొంగ కారుస్తూ మేత మ్రింగలేక అరుస్తుంది. అక్కడ కూడా దుంప అడ్డం పడిందని నోట్లో చేయి పెట్టిన పాడివారు ఉన్నారు.

కరిస్తే, గీరితే, చొంగ గాయం మీద పడితే సబ్బుతో ధారగా పారే నీటిలో పదిహేను నిమిషాలు గడియారం చూసి కడగాలి. కారం, సున్నం, పసరు పెట్టకూడదు. అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి టీకా మొదలుపెట్టాలి. లక్షణాలు మొదలైన తరువాత ఈ జబ్బుకు మందు లేదు. అనుమానపు కుక్క కరిచిన గేదెకు కూడా టీకా వరుస ఉన్నది. ఆ సంగతి దాచి పాలు సంఘంలో పోయకండి, డాక్టరుగారు చెప్పేవరకు ఆ పాలను వేరుగా ఉంచండి. ఒక పూట పాల డబ్బు కోసం క్యాను మొత్తాన్ని అనుమానంలో పడేయడం తగదు.

జూలై 6న జూనోసిస్ దినం జరుపుతారు. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ కుక్క కరిచిన ఒక బాలునికి తొలిసారి రేబిస్ టీకా ఇచ్చాడు. ఆ రోజు పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకా వేయడం ఆనవాయితీగా ఉన్నది. కుక్కపిల్లకు మిగిలిన టీకాలు ఆరు నుండి ఎనిమిది వారాల వయస్సులో మొదలుపెట్టి డాక్టరు చెప్పిన వరుసలో వేయించాలి, రేబిస్ టీకా మూడు నెలలకు. టీకా వేసిన రాత్రి కొంచెం వెచ్చబడి మందకొడిగా ఉంటే గాబరాపడవద్దు, మర్నాటికి తగ్గాలి.

సంఘాల పాలకవర్గాలకు మేము తనిఖీ సమయంలో చెబుతున్నది ఇది. కేంద్రంలోని ప్రథమ చికిత్స పెట్టెలో రెండు థర్మామీటర్లు ఉంచండి. ఒకదానికి ఎర్ర దారం కట్టి "పశువులు" అని, మరొకదానికి నల్ల దారం కట్టి "కుక్క, పిల్లి" అని వ్రాయండి. మనుష్యులకు వాడేది వీటితో కలపకూడదు. వాడిన తరువాత సబ్బుతో కడిగి స్పిరిటుతో తుడవాలి, మరిగే నీటిలో వేయకూడదు. ఎవరు తీసుకువెళ్ళిందీ ఎప్పుడు తెచ్చిందీ పుస్తకంలో వ్రాయించాలి, లేకపోతే వారం తిరక్కుండా మాయమౌతుంది. పెట్టె మూత లోపలి వైపు దగ్గరి పశువైద్యశాల ఫోను, సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరు అంటించండి. క్లిష్టమైన కేసులకు గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రి మనకు దగ్గరలోనే ఉన్నది.

కంకిపాడు ప్రాంతపు ఆ సభ్యురాలు మరొక పిల్లిని పెంచుతున్నది. పోయినసారి వెళ్ళినప్పుడు, నల్ల దారం థర్మామీటరు కోసం ఆమె సంతకం పుస్తకంలో మూడు చోట్ల కనిపించింది. మూడవసారి వేడి 104 ఉన్నదట. బిళ్ళ వేయకుండా ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్ళింది. తోక మొదట చీము గడ్డ ఉంటే తీసి కట్టు కట్టారు.

సందేహాలు ఉన్న సభ్యులు మేము తనిఖీకి వచ్చినప్పుడు అడగవచ్చును. తెలిసినది అక్కడే చెబుతాము. తెలియనిది వ్రాసుకొని పశువైద్యాధికారి గారిని అడిగి, వచ్చే సందర్శనంలో చెబుతాము.